మీట తిప్పిన చెయ్యి



రేడియోలో ప్రసంగం అనగానే కాఫీ కలుపుకోవడానికి లేచేవాళ్లు కొందరు, మీట తిప్పి పాటలొచ్చే స్టేషను వెతుక్కునేవాళ్లు కొందరు. నాకు ఇద్దరిమీదా కోపం లేదు. పైగా ఇవాళ నేను చెప్పబోయేది ఆ రెండో రకంవాళ్ల గురించే. మన దేశంలో రేడియో చరిత్ర చెప్పేవాళ్లు ఏ వైస్రాయి ఎక్కడ రిబ్బను కత్తిరించాడు, ఏ మంత్రి ఏ విధానం తెచ్చాడు అని వరసపెట్టి చెప్పుకుపోతారు. ఆ తారీఖులు నేనూ కొన్ని చెబుతాను, తప్పదు. కానీ మైకు ముందు కూర్చున్నవాళ్లకంటే ఇంట్లో కూర్చుని మీట తిప్పినవాళ్లే మన రేడియోని ఎక్కువ నడిపించారని నా నమ్మకం. వాళ్లు డబ్బు కట్టకపోతే కంపెనీ మూతపడింది. వాళ్లు గోలపెడితే మూసేస్తామన్న సర్కారు వెనక్కి తగ్గింది. వాళ్లు పక్క దేశపు స్టేషను పట్టుకుని కూర్చుంటే ఢిల్లీ దిగివచ్చింది.

మన దేశంలో ప్రసారాలు మొదలుపెట్టింది సర్కారువారు కారు, సరదా ఉన్న మనుషులు. 1923 జూన్‌లో బొంబాయి రేడియో క్లబ్బు, ఆ ఏడే నవంబరులో కలకత్తా క్లబ్బు చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లతో పాటలూ మాటలూ గాలిలోకి వదిలాయి. మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి అనే ఆయన మిత్రులను కూడగట్టి 1924 మే నెలలో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టారు. జూలై 31న ప్రసారం మొదలైంది. ట్రాన్స్‌మిటర్ శక్తి 40 వాట్లు. పాతకాలపు గుండుబల్బు ఒకటి వెలగడానికి పట్టేంత! అయినా మూడేళ్లు నడిపారు. చందాలతో నడిచే క్లబ్బు ఎన్నాళ్లు నిలుస్తుంది? 1927లో చేతులెత్తేసి, ఉన్న యంత్రాన్ని మద్రాసు కార్పొరేషన్‌కు అప్పగించారు.

కార్పొరేషన్‌వారు ఆ యంత్రాన్ని మూలన పడెయ్యలేదు. 1930 ఏప్రిల్ 1 నుంచి సాయంత్రాలు ప్రసారాలు చేశారు. మెరీనా బీచిలోనూ పార్కుల్లోనూ లౌడ్‌స్పీకర్లు పెట్టారు. ఇంట్లో రేడియో కొనుక్కునే స్తోమత ఎంతమందికి ఉంటుంది? అందుకని బీచికి షికారు వచ్చినవాడికి, బఠాణీలు అమ్ముకునేవాడికి కూడా సంగీతం వినపడేటట్టు చేశారు. ఒక పురపాలక సంఘం వీధి దీపాలూ, మంచినీళ్ల కుళాయిలూ చూసుకుంటూ ఆ చేత్తోనే రేడియో స్టేషను కూడా నడపడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

ఈలోగా పెద్ద ఎత్తున వ్యాపారం చెయ్యాలని ఒక కంపెనీ వచ్చింది. పేరు ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ. 1927 జూలై 23న బొంబాయిలో వైస్రాయి లార్డ్ ఇర్విన్ దాని కేంద్రాన్ని ప్రారంభించాడు. నెల దాటాక కలకత్తాలో రెండోది. 15 లక్షల మూలధనం అనుకుంటే వచ్చింది 6 లక్షలు. మరి రాబడి ఎక్కణ్ణించి? రేడియో పెట్టుకున్న ప్రతివాడూ సర్కారుకు ఏడాదికి 10 రూపాయలు లైసెన్సు కట్టాలి. అందులో 8 రూపాయలు కంపెనీకి వస్తాయి. కాగితం మీద లెక్క బాగానే ఉంది. కానీ రెండున్నరేళ్లు గడిచినా లైసెన్సులు 8 వేలు కూడా దాటలేదు. వినేవాళ్లు లేక కాదు. సెట్టు కొని, తీగె కట్టి, లైసెన్సు ఊసెత్తకుండా వినేవాళ్లు బోలెడంతమంది. గాలిలో వచ్చేదానికి డబ్బెందుకు కట్టాలన్నది వాళ్ల వాదన. 1930 మార్చి 1న కంపెనీ దివాలా తీసింది.

అప్పుడు సర్కారు పగ్గాలు తీసుకుంది. అదీ 1930 ఏప్రిల్ 1నే, మద్రాసు కార్పొరేషన్ మొదలుపెట్టిన రోజునే. ఏడాదిన్నర తిరిగేసరికి ఖర్చులు తగ్గించుకోవాలన్న హడావిడిలో, 1931 అక్టోబరులో, రేడియో మూసేస్తున్నామని ప్రకటించారు. ఇక్కడ మన శ్రోతలు మొదటిసారి నోరు విప్పారు. లైసెన్సు కట్టనివాళ్లతో సహా! బెంగాల్‌లో మరీ గట్టిగా అభ్యంతరాలు లేచాయి. సెట్లు దిగుమతి చేసుకున్న వ్యాపారులూ గొడవపెట్టారు. తర్వాతి నెలలోనే ఆ ఉత్తర్వు వెనక్కి వెళ్లింది. 1932 మేలో, ఇక మూసేది లేదని తేల్చిచెప్పారు. ఖర్చు రాబట్టుకోవడానికి సెట్ల మీద దిగుమతి సుంకం పెంచారు.

తమాషా ఏమిటంటే, ఆ తర్వాత లైసెన్సులు గబగబా పెరగడానికి మన కేంద్రాలు కారణం కావు. 1932 డిసెంబరులో లండన్ నుంచి బీబీసీవారి ఎంపైర్ సర్వీసు షార్ట్ వేవ్ మీద మొదలైంది. ఈ దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్లంతా స్వదేశం గొంతు వినడానికి సెట్లు కొన్నారు. లైసెన్సు డబ్బు మన ఖజానాలో పడింది. వినేది లండన్, కట్టేది ఢిల్లీకి!

1935 ఆగస్టులో బీబీసీ నుంచి లయనెల్ ఫీల్డెన్ అనే ఆయన్ను రప్పించి మొదటి కంట్రోలర్‌గా వేశారు. 1936 జనవరి 1న ఢిల్లీ కేంద్రం, ఆ ఏడు జూన్ 8న ఆల్ ఇండియా రేడియో అన్న పేరు, రెండూ ఆయన హయాములోనివే. అక్కడే ఎ.ఎస్. బుఖారీ, జెడ్.ఎ. బుఖారీ అని అన్నదమ్ములు పెద్ద ఉద్యోగాల్లో ఉండేవారు. బీబీసీ అంటే బుఖారీ బ్రదర్స్ కార్పొరేషన్ అని ఢిల్లీలో వేళాకోళం చేసేవారట. మైసూరులో ఎం.వి. గోపాలస్వామి అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు 1935లో తన ఇంట్లోనే చిన్న కేంద్రం పెట్టుకుని ఆకాశవాణి అని పేరు పెట్టుకున్నాడు. సర్కారు రేడియో ఆ పేరును తనదిగా చేసుకోవడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

తెల్లవారుజామున కేంద్రం తెరిచేముందు వచ్చే ఆ వాయిద్యం ఎవరు మరిచిపోతారు? తంబురా శ్రుతి మీద వయొలిన్, శివరంజని ఛాయలు. దాన్ని కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అనే చెక్ దేశపు యూదుడు. హిట్లర్ నీడ పడ్డ ఐరోపా నుంచి తప్పించుకుని వచ్చి బొంబాయి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసేవాడు. ఇక హార్మోనియం సంగతి. మన స్వరాల మధ్య ఉండే గమకాలను ఆ మెట్లు పలికించలేవని, అది పరదేశి వాయిద్యమని, 1940 మార్చి నుంచి రేడియోలో నిషేధించారు. పరదేశి వాయిద్యం వద్దన్న కేంద్రం రోజూ తలుపు తీసేది మాత్రం పరదేశి కట్టిన బాణీతో. మన నాటకాల వాళ్లంతా హార్మోనియం మీదే బతికినవాళ్లు. ఈ నిషేధం తెలుగు పద్యనాటకానికి ఎంత ఇబ్బందో ఊహించుకోండి. దశాబ్దాల తర్వాత గానీ దాన్ని సడలించలేదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సర్కారు కేంద్రాలు సర్కారు చెప్పమన్న వార్తలే చెప్పేవి. జనం మీట బెర్లిన్ వైపు తిప్పారు. 1942లో అక్కణ్ణించి ఆజాద్ హింద్ రేడియో వచ్చేది. సుభాష్ చంద్ర బోస్ ఆల్ ఇండియా రేడియోని యాంటీ ఇండియన్ రేడియో అని ఎద్దేవా చేసేవాడు. శత్రు దేశాల ప్రసారాలు వినవద్దని సర్కారు ఎంత మొత్తుకున్నా, రాత్రిపూట తలుపులు వేసుకుని, శబ్దం తగ్గించి వినేవాళ్లు.

అదే ఏడు ఆగస్టు 27న బొంబాయిలో 42.34 మీటర్ల మీద ఒక కొత్త గొంతు వినిపించింది. భారతదేశంలో ఎక్కడో ఒకచోట నుంచి కాంగ్రెస్ రేడియో అని తనను తాను పరిచయం చేసుకుంది. క్విట్ ఇండియా తీర్మానం తర్వాత నాయకులంతా జైళ్లలో ఉన్నారు, పత్రికల నోరు నొక్కేశారు. ఉషా మెహతా అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి, ఆమె మిత్రులు కలిసి ట్రాన్స్‌మిటర్ సంపాదించారు. సర్కారు వ్యాన్లు తరంగాల జాడ పసిగట్టే పరికరాలతో వీధుల్లో తిరుగుతుంటే, వీళ్లు యంత్రాన్ని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మార్చేవారు. రామ్ మనోహర్ లోహియా వెనక ఉండి ఏం చెప్పాలో సలహాలిచ్చేవాడు. జంషెడ్‌పూర్ సమ్మె, చిమూర్‌లో సైనికుల దురాగతాలు, ఇలా సర్కారు రేడియో మింగేసిన వార్తలు జనానికి చేరింది ఇక్కణ్ణించే. నవంబరు 12 రాత్రి పోలీసులు తలుపులు బద్దలుకొట్టుకుని లోపలికి వచ్చేసరికి రికార్డు మీద వందేమాతరం తిరుగుతోంది. ఎంత చెప్పినా ఆ పాట పూర్తయ్యేదాకా ఆపనివ్వలేదట ఆమె. వాళ్ల పనివాళ్లలో ఒకడే జాడ చెప్పేశాడు. నెలల తరబడి విచారణ, ఆపైన నాలుగేళ్ల జైలు. మొత్తం కలిపి మూడు నెలలు కూడా నిండని స్టేషను అది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన వాటాకు దక్కినవి ఆరు కేంద్రాలు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, లక్నో, తిరుచిరాపల్లి. లాహోరు, పెషావరు, ఢాకా అటు పోయాయి. మన ఆరూ కలిసి జనాభాలో నూటికి 11 మందికి అందేవి, నేలలో నూటికి రెండున్నర వంతుకు. గాంధీజీ ఢిల్లీ స్టూడియోకు వచ్చింది ఒకే ఒక్కసారి, 1947 నవంబరు 12న. కురుక్షేత్రంలో తలదాచుకున్న కాందిశీకులతో మాట్లాడటానికి.

హైదరాబాదు సంగతి వేరు. నిజాం సొంత రేడియో నడిపేవాడు. దక్కన్ రేడియో, 1935 నుంచి. ఉర్దూదే పెత్తనం, తెలుగు, మరాఠీ, కన్నడాలకు కొద్దికొద్దిగా చోటు. ఆ రేడియోలోనే రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ రెచ్చగొట్టే ప్రసంగాలు చేసేవాడు. హైదరాబాదు మీద భారత ప్రభుత్వం జరిపిన పోలీసు చర్య చివరి రోజున, 1948 సెప్టెంబరు 17 సాయంత్రం, కాల్పులు ఆపేశామని, రజాకార్లను నిషేధించామని నిజాం స్వయంగా ఆ మైకులోనే చెప్పాల్సి వచ్చింది. తన ఏలుబడి ముగిసిందని ప్రభువు తన నోటితో, తన రేడియోలో, తన జనానికి చెప్పుకోవడం చరిత్రలో తరచుగా జరిగేది కాదు. తర్వాత రెండున్నర నెలలకే, డిసెంబరు 1న, కృష్ణ ఒడ్డున విజయవాడ కేంద్రం పుట్టింది. 1950 ఏప్రిల్‌లో దక్కన్ రేడియో ఆల్ ఇండియా రేడియోలో కలిసిపోయింది.

విజయవాడ కేంద్రం రాకముందు నిజాం రాజ్యం బయటి తెలుగువాళ్లకు దిక్కు మద్రాసు కేంద్రమే. 1938 జూన్ 16న అది తెరిచిన దగ్గర్నుంచి తమిళంతో పాటు తెలుగూ వినిపించేది. 1947 ఆగస్టు 15న అక్కణ్ణించి టంగుటూరి సూర్యకుమారి పాడిన మాదీ స్వతంత్ర దేశం పాట రాసిందీ, బాణీ కట్టిందీ అప్పుడు అక్కడ ఉద్యోగం చేస్తున్న బాలాంత్రపు రజనీకాంతరావు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్య అయి మద్రాసులోనూ, తర్వాత హైదరాబాదులోనూ పిల్లల చేత పాడించి, ఆడించి, మాట్లాడించారు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివినవాళ్లలో కొంగర జగ్గయ్య ఉన్నాడు. ఆ గొంతును తర్వాత సినిమా ఎగరేసుకుపోయింది.

ఆ రోజుల్లో రేడియో కేంద్రాల హాజరు పట్టీ చూస్తే కవిసమ్మేళనం ఆహ్వానపత్రంలా ఉండేదేమో. దేవులపల్లి కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, దాశరథి, జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి, మునిమాణిక్యం, స్థానం నరసింహారావు, అందరూ ఏదో ఒక దశలో రేడియో జీతం తిన్నవాళ్లే. విజయవాడలో బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు వంటివాళ్లు సంగీతం చూసేవారు. వేకువనే భక్తిరంజని. గణపతి నాటకం వచ్చిందంటే వీధులు ఖాళీ. ఆదివారం ఉషశ్రీ గొంతులో రామాయణం, భారతం. ఇవి వినడానికి గడియారం చూసుకుని పనులు ముగించుకున్నవాళ్లు ఇప్పటికీ నాకు తారసపడుతుంటారు. గణపతి మాటలు వరసపెట్టి అప్పజెబుతారు కూడా.

ఇంత చెప్పి ఇంకోవైపు చెప్పకపోతే అన్యాయం. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రి అయ్యాడు. శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం. సినిమా పాట అంటే ఒళ్లుమంట. సినిమా పాటల వాటా కత్తిరించాడు, పాట వేసినా సినిమా పేరు చెప్పొద్దన్నాడు. నిర్మాతలు అలిగి పాటల హక్కులు వెనక్కి తీసుకున్నారు. దాంతో మన రేడియోలో సినిమా పాట దాదాపు మాయమైంది. అయితే వారానికోసారి జాతీయ సంగీత కార్యక్రమం, 1954 నుంచి సంగీత సమ్మేళనాలు, ఆడిషన్లు, నిలయ విద్వాంసులకు నెలజీతాలు, ఇదంతా కేస్కర్ పుణ్యమే. రాజాస్థానాలు పోయాక దిక్కులేని విద్వాంసులను రేడియో కడుపులో పెట్టుకుంది. ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ జనం చెవులు మంత్రిగారి జీవో వినవు. యుద్ధకాలంలో మౌంట్‌బాటెన్ సేనల కోసం కొలంబోలో పెట్టిన బ్రహ్మాండమైన షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్ ఒకటి యుద్ధం అయ్యాక సిలోన్ ప్రభుత్వం చేతికి వచ్చింది. దాని గొంతు కాశ్మీరం దాకా వినపడేది. కేస్కర్ వద్దన్న పాటలన్నీ అక్కడ ప్రత్యక్షం. 1952 చివర్లో మొదలైన బినాకా గీత్‌మాలా బుధవారం రాత్రుల్ని తన పేర రాయించుకుంది. అమీన్ సయానీ బొంబాయిలో మాట్లాడి రికార్డు చేస్తే, టేపు కొలంబో వెళ్లి, అక్కణ్ణించి గాలిలో తిరిగి బొంబాయి చేరేది! వారం వారం వేలల్లో ఉత్తరాలు. అప్పటి బీహారులో ఝుమ్రీ తలైయా అని మన గూడూరు లాంటి అభ్రకం గనుల ఊరు ఒకటి ఉండేది. ఆ ఊరివాళ్లు పోటీలు పడి కార్డులు రాసి రాసి దేశమంతటికీ తమ ఊరి పేరు నేర్పారు. సిలోన్‌లో తెలుగు పాటలూ వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై తెలుగులో పాట పరిచయం చేస్తుంటే, ఆ యాసకే ముచ్చటపడి వినేవాళ్లు మనవాళ్లు.

కేస్కర్ సినిమా పాటకు పోటీగా లలిత సంగీతాన్ని పెంచమన్నాడు. హిందీలో దాని సంగతి నాకు అంతగా తెలియదు గానీ, తెలుగులో మాత్రం ఆ మొండితనం వల్ల మేలే జరిగింది. కృష్ణశాస్త్రి, రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం, చిత్తరంజన్ వంటివాళ్ల చేతుల్లో పడి అదొక కొత్త పాటే అయింది. ఈ మాసపు పాట అని నెలంతా ఒకే పాట వేసి జనానికి నేర్పేవారు. కలం, కాగితం పట్టుకుని రేడియో ముందు కూర్చుని, చరణం చరణం రాసుకున్న ఆడపిల్లలు ఆ పాటల్ని పెళ్లిచూపుల దాకా మోసుకెళ్లారు.

అయినా సిలోన్ దెబ్బకు ఢిల్లీ తట్టుకోలేకపోయింది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టింది. అంటే సినిమా పాటలు తిరిగొచ్చాయన్నమాట. 1967 నవంబరు 1 నుంచి దానికి వ్యాపార ప్రకటనలు కూడా వచ్చాయి, ముందు బొంబాయి వైపు. మన దగ్గర జనరంజని, మీరు కోరిన పాటలు, సినిమా కథంతా కుదించి వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం, ఇదంతా ఆ తర్వాతి వైభవం.

ఆనాటి సెట్టు గురించి రెండు మాటలు. బల్ల మీద చెక్క పెట్టె, పైన అమ్మ కుట్టిన పూల గుడ్డ. మీట నొక్కగానే పలికేది కాదు, లోపల వాల్వులు వేడెక్కాలి. ముందు గాజు పలక వెనక దీపం వెలిగేది, దాని మీద లండన్, బెర్లిన్, కొలంబో, ఢిల్లీ అని ఊళ్ల పేర్లు. కొన్ని సెట్లకు ఆకుపచ్చ కన్ను ఒకటి. స్టేషను సరిగ్గా పడితే ఆ పచ్చ వెలుగు దగ్గరకు చేరేది, తప్పితే విడిపోయేది. ఇంటి కప్పు మీద రెండు వెదురుగడల మధ్య రాగితీగెల అల్లిక పట్టీ, అది ఏరియల్. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి, చిన్న పుస్తకంలో స్టాంపు అంటించుకోవాలి. కట్టనివాణ్ణి పట్టుకోవడానికి ఇన్‌స్పెక్టరు ఇంట్లోకి రానక్కర్లేదు, వీధిలో నిలబడి కప్పుకేసి చూస్తే చాలు. అరవైల్లో ట్రాన్సిస్టరు వచ్చి ఏరియల్‌ను పెట్టె లోపల దాచేసింది. పాపం ఇన్‌స్పెక్టరు! ఎద్దు కొమ్ముకు తగిలించుకుని దున్నుకునేవాడి లైసెన్సు ఎవరు అడుగుతారు? ఎనభైల్లో ఆ లైసెన్సే ఎత్తేశారు.

ట్రాన్సిస్టరు రాకముందే పల్లెలకు రేడియో చేర్చే ప్రయత్నాలు జరిగాయి. 1956లో పూనా చుట్టుపక్కల 150 పల్లెల్లో యునెస్కో సాయంతో రైతు బృందాలను కూర్చోబెట్టారు. కార్యక్రమం విని, చర్చించి, సందేహాలు తిరిగి కేంద్రానికి రాసేవారు. తంజావూరులో ఏడీటీ 27 అనే వరి వంగడం గురించి రైతులు రేడియోలోనే విన్నారు. దానికి రేడియో వరి అనే పేరు పెట్టేశారు. మన పాడిపంటలు కార్యక్రమం వినేవాళ్లు ఎరువు మోతాదు గోడ మీద బొగ్గుతో రాసుకోవడం నేను చూశాను.

1975 జూన్ 26 ఉదయం ఇందిరాగాంధీ రేడియోలో మాట్లాడి అత్యవసర పరిస్థితి సంగతి చెప్పింది. అక్కణ్ణించి ఆల్ ఇండియా రేడియోని జనం ఆల్ ఇందిరా రేడియో అన్నారు. కాంగ్రెస్ సభలో పాడటానికి రానన్నందుకు కిశోర్ కుమార్ పాటలు రేడియోలో ఆపేశారు. జనం ఏం చేశారు? వాళ్ల తాతలు నలభై రెండులో చేసిందే. మీట బీబీసీ వైపు తిప్పారు. ఎన్నికలయ్యాక 1977లో వర్గీస్ కమిటీ వేశారు. రేడియోని సర్కారు గుప్పిట్లోంచి తప్పించి స్వతంత్ర సంస్థకు అప్పగించమని అది చెప్పింది. విన్నారు, పక్కన పెట్టారు.

ఆ తర్వాతి కథలో వరసగా మనవాళ్లు కనిపిస్తారు. 1990లో ప్రసార భారతి బిల్లును పార్లమెంటులో గట్టెక్కించిన మంత్రి పర్వతనేని ఉపేంద్ర. చట్టమైతే వచ్చింది గానీ, ఏడేళ్లు బీరువాలో పడుకుంది. 1997లో దాన్ని లేపి అమలులో పెట్టిన మంత్రి ఎస్. జైపాల్‌రెడ్డి. మధ్యలో 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు. క్రికెట్ మ్యాచి టీవీ ప్రసారాల మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ, సర్కారుకూ వచ్చిన తగాదా అది. గాలిలోని తరంగాలు సర్కారు సొత్తు కావు, ప్రజల ఆస్తి అని తేల్చారు. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తుల్లో పి.బి. సావంత్‌తో పాటు మన బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు.

ప్రజల ఆస్తి అని కోర్టు అంటే, సర్కారు వేలం పాట పెట్టింది. 2001 జూలైలో బెంగుళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రం వచ్చింది. ఆపైన ఊరూరా వచ్చాయి. వాటి గురించి ఎక్కువ చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక స్టేషనులో విన్న పాటే పక్క స్టేషనులో పావుగంట తర్వాత వస్తుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడికి అది సాయమే, కాదనను. సొంతంగా వార్తలు చెప్పడానికి మాత్రం ఇప్పటికీ వాళ్లకు వీల్లేదు. టీవీలో వందల చానళ్లు ఇరవై నాలుగు గంటలూ అరవవచ్చు, పత్రికలు ఏమైనా రాయవచ్చు. రేడియో వార్త మాత్రం ఆకాశవాణిదే.

వేలంలో పాల్గొనలేని మనుషుల మాటేమిటి? జహీరాబాదు దగ్గర పస్తాపూరులో 2000 సంవత్సరంలో దీని గురించే ఒక సమావేశం జరిగి, లాభాపేక్ష లేని సమూహాలకు కూడా తరంగాల్లో చోటివ్వాలని ప్రకటన చేశారు. అదే ప్రాంతంలో మాచనూరు అనే ఊళ్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు అప్పటికే రికార్డింగులు చేస్తున్నారు. యునెస్కో సాయంతో స్టూడియో ఉంది, యంత్రాలున్నాయి, పనితనం ఉంది. అనుమతి లేదు. అందుకని ఏం చేసేవారంటే, క్యాసెట్లు నింపుకుని వెళ్లి ఊళ్లలో సంఘం మీటింగుల్లో టేపురికార్డరు పెట్టి వినిపించేవారు. గాలిలో కాకుండా సంచిలో ప్రయాణం చేసిన రేడియో! పదేళ్లు అలా గడిపారు. 2002 చివర్లో విద్యాసంస్థలకు అనుమతి వచ్చింది. 2006 చివర్లో గానీ స్వచ్ఛంద సంస్థలకు రాలేదు.

2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం మొదలైంది. దేశంలో గ్రామీణ మహిళలు సొంతంగా నడుపుకునే మొట్టమొదటి కమ్యూనిటీ కేంద్రాల్లో దాని పేరు ముందుంటుంది. ప్రారంభించడానికి వచ్చింది ఎవరనుకున్నారు? తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు రాసిన జస్టిస్ సావంత్. కేంద్రాన్ని నడిపిన ఇద్దరమ్మాయిల పేరూ నరసమ్మే. తేడా తెలియడానికి ఒకామెను ఊరి పేరుతో ఆల్గోల్ నరసమ్మ అంటారు, ఇంకొకామె జనరల్ నరసమ్మ. సాయంత్రం పొలం పని ముగిశాక మొదలయ్యే ప్రసారంలో కొర్రలు, సామలు ఎలా వేసుకోవాలో, విత్తనం ఎలా దాచుకోవాలో చెబుతారు. పండగ పాటలు, నాట్ల పాటలు, ముసలమ్మలు చెప్పే మందూమాకూ ఉంటాయి. విజయవాడ అనౌన్సర్లు జీవితమంతా సాన పెట్టుకున్న తెలుగు అక్కడ వినపడదు. వాళ్లింట్లో మాట్లాడుకునే జహీరాబాదు తెలుగే వినిపిస్తుంది. వినేవాళ్లలో రేపటి కార్యక్రమానికి వచ్చి మాట్లాడబోయేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు.

విత్తనం గురించి, వాన గురించి, ఒళ్లునొప్పుల గురించి వాళ్లు ఎంతసేపైనా మాట్లాడవచ్చు. కానీ నిన్న తమ ఊళ్లో సర్పంచి ఎన్నికలో ఎవరు గెలిచారో వార్తగా చదవడానికి లేదు. కమ్యూనిటీ రేడియో సొంత వార్తలు చెప్పకూడదన్న నిబంధన లైసెన్సులోనే ఉంది. ఆ కబురు వాళ్లు బావి దగ్గర చెప్పుకుంటారు.